ఒకే పుట, వేర్వేరు యంత్రములు



హైదరాబాదున చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ పేటలు పరీక్షార్థులకు పెట్టినది పేరు. అచటి నగర కేంద్ర గ్రంథాలయమున చదువుకొను యువకులలో పెక్కురు పల్లెలనుండి వచ్చినవారే. ఉద్యోగ ప్రకటన, దరఖాస్తు, హాల్ టికెట్, ఫలితము, అన్నియు నేడు ఇంటర్నెట్ పుటలలోనే వెలువడుచున్నవి. ఆ పుటను తెరచి చూపు సాధనమే బ్రౌజరు. ఒకనికి ఆండ్రాయిడ్ ఫోను, వేరొకనికి విండోస్ కంప్యూటరు, మరియొకనికి లినక్సు. ఒకచోట చక్కగా తెరచుకొన్న దరఖాస్తు వేరొకచోట బొత్తాము నొక్కినను కదలక, గడువు దాటిపోయినచో, ఏండ్ల తరబడి చదివిన చదువేమి కావలెను?

ఈ చిక్కు క్రొత్తది కాదు. టిమ్ బెర్నర్స్-లీ 1990లో తొలి బ్రౌజరును నెక్స్ట్ అను కంప్యూటరుపై నిర్మించెను. ఆ యంత్రము లేనివారికి అది నిరుపయోగము. అంతట నికోలా పెలో అను విద్యార్థిని, నానావిధములైన కంప్యూటర్లపై పనిచేయునట్లు, అక్షరములను మాత్రమే చూపు బ్రౌజరును రచించెను. దానికి బొమ్మలు లేవు, సొగసు లేదు. అయినను పదిమందికి అందినది అదియే.

తెలుగువారి పాట్లు వేరు. యూనికోడ్ 1991లోనే తెలుగునకు చోటిచ్చినను, యంత్రములు దాని నాదరించుటకు ఏండ్లు పట్టెను. అంతవరకు పత్రికలు తమతమ సొంత ఫాంట్లనే వాడుకొనెను. విండోస్‌లో తేటగా కనబడిన వార్త లినక్సున అర్థములేని ఆంగ్లాక్షరముల కుప్పగా కనబడెడిది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చెను. పిదప ఫైర్‌ఫాక్సునకు 'పద్మ' అను అనుబంధము ఏర్పడి, అట్టి పుటలను యూనికోడులోనికి మార్చి చూపెను.

ఇంకొక చోద్యము వినదగినది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అను అక్షరము, కంటికి కనబడని ఒక సంజ్ఞతో కూడి వచ్చినచో, ఐఫోనులోని అప్లికేషన్లు కూలిపోయెడివి. అదే అక్షరము ఆండ్రాయిడున నిరపాయముగా నిలిచెను. లోపము ఆపిల్ సిస్టము అక్షరములను కూర్చు తీరులో నుండుటచే బ్రౌజరు మార్చినను ఫలము లేకపోయెను. ఆ నెల 19న ఆ సంస్థ సవరణ వెలువరించెను. జ్ఞానమను మాటకు మొదటి అక్షరమే యంత్రమును పడగొట్టెను గదా!

ఇక ఆచరణ. క్రోమ్, ఫైర్‌ఫాక్సు, ఎడ్జ్ మూడును విండోస్, మాక్, లినక్సు, ఆండ్రాయిడులలో దొరకును; సఫారీ ఆపిల్ యంత్రములకే పరిమితము. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు 2022 జూన్ 15న విరమించెను. దానికొరకు కట్టిన పాత పుటలు మాత్రము అచ్చటచ్చట మిగిలియున్నవి. కావున దరఖాస్తును గడువునకు ముందే తెరచి, కదలనిచో వేరొక బ్రౌజరున చూడవలెను. రసీదును పీడీఎఫ్‌గా దాచుకొన్నచో ఏ యంత్రమునందైనను ఒకే తీరున కనబడును. నలుగురు వాడు కంప్యూటరున తన ఖాతాను మూసి లేవవలెను. ఇది పెక్కురు మరచునది.

పల్లె గ్రంథాలయమున విండోస్ మోయజాలని పాత కంప్యూటరు మూలబడియున్నచో, తేలికపాటి లినక్సును, ఫైర్‌ఫాక్సును అందుంచి చూడవచ్చును. రెండును వెల లేనివే.