గుర్రం నోటికి ఏ కళ్లెం మేలు?

కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో పెళ్లి బరాత్‌లకు గుర్రాలను తిప్పే అన్నలారా, ఈ నాలుగు మాటలు మీకోసమే.

కళ్లెం కడ్డీ ఆనేది గుర్రం నాలుక మీద, ముందుపళ్లకూ దవడపళ్లకూ నడుమ ఉండే ఖాళీ చిగురు మీద. అక్కడ పలుచని పొర కిందే ఎముక ఉంటుంది. అందుకే కడ్డీ దేనితో చేశారో చూసుకోవాలి. నున్నటి స్టెయిన్‌లెస్ స్టీలు త్వరగా తుప్పు పట్టదు, కడగడమూ తేలికే. నికెల్ పూత పెచ్చులూడితే నోరు గీరుకుంటుంది. రాగి మెత్తన, నమిలితే అరిగి అంచులు పదునెక్కుతాయి. రబ్బరు మృదువే, కానీ పంటిగాట్లు పడితే ఒరుసుకుంటుంది.

ఆదిలాబాద్ చలికాలంలో తెల్లవారుజామున లోహం చల్లగా గడ్డకట్టినట్టుంటుంది. అరచేతుల్లో కాసేపు వెచ్చబరచి పెట్టండి. కరీంనగర్ ఎండలో కాలిన కడ్డీని నీళ్లలో ముంచాకే వాడండి.

ముళ్ల కళ్లెం మాత్రం వద్దే వద్దు. 1965 నాటి కేంద్ర నిబంధనలు దాన్ని నిషేధించాయి.

కడ్డీ ఎంత మంచిదైనా కొలత కుదరకపోతే, పగ్గం గట్టిగా గుంజితే నొప్పి తప్పదు. పెదవి మూలలు పగిలినా, నురగలో నెత్తురు కనిపించినా కళ్లెం తీసేసి పశువైద్యుడికి చూపించండి.