సత్రం నిలవాలంటే
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



షామ్‌బర్గ్‌లో మనలో చాలామందికి మొదటి మజిలీ గెస్ట్‌హౌస్. రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్‌లో ఆరుగురం, హాల్లో పరుపులు, అందరికీ ఒకే కుక్కర్. ప్రాజెక్ట్ దొరికినవాళ్ళు వెళ్ళిపోతారు, కొత్తవాళ్ళు దిగుతారు. సత్రంలా ఉందని మనమే నవ్వుకునేవాళ్ళం. అసలు సత్రాలు ఎలా నడిచేవో ఈ పూట కొంచెం చెప్పుకుందాం.

గుంటూరు జిల్లా మల్కాపురంలో 1261 నాటి కాకతీయ శాసనం ఒకటి ఉంది. గోళకీ మఠానికి చెందిన విశ్వేశ్వర శివాచార్యులకు రాణి రుద్రమదేవి మందడం, వెలగపూడి గ్రామాలు దానమిచ్చింది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్న వెలగపూడే అది. శివాచార్యులది బెంగాల్ వైపు రాఢ దేశం. అంటే ఆయనా వలస వచ్చినవాడే. ఆ గ్రామాల రాబడితో గుడి, మఠం, చదువు, వైద్యశాల, ప్రసూతిశాల, అన్నసత్రం ఏర్పాటు చేశారు. సత్రంలో బ్రాహ్మణుల నుంచి ఊరి బయట ఉంచిన కులాలవాళ్ళ దాకా అందరికీ అన్నం పెట్టాలని రాయించారు.

దయ ఉండాలని చెప్పి ఊరుకోలేదు. వంటవాళ్ళు, వైద్యుడు, లెక్క రాసే కరణం, కావలివాళ్ళు, వాళ్ళ జీవనానికి ఏర్పాటు, అన్నీ రాతిమీద చెక్కించారు.

మన సంగతికి వద్దాం. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే ఇంకో దారి చూసుకోవడానికి ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. ఆ లోపల అద్దె కట్టలేకపోతే ఎవరో ఒక అన్నయ్య తన బేస్‌మెంట్ ఇస్తున్నాడు. రేపు ఆ అన్నయ్యకే ఉద్యోగం పోతే? ఒక్క మనిషి మంచితనం మీద ఆనిన సాయం ఆ మనిషితోనే ఆగిపోతుంది. పైగా అడగడానికి మొహమాటం. అదే అందరం కలిసి పెట్టుకున్న ఏర్పాటైతే అడగడంలో చిన్నతనం ఉండదు. ఇవాళ చందా వేసినవాళ్ళే రేపు అక్కడ దిగొచ్చు.

అందుకని మా ప్రతిపాదన ఇది. నెలనెలా తలా కొంత వేసుకుని ఒక అపార్ట్‌మెంట్ అద్దెకి తీసుకుందాం. ఆడపిల్లలకి గది విడిగా ఉంచుదాం. ఎన్నాళ్ళు ఉండొచ్చో ముందే రాసుకుందాం. మూడు నెలలకోసారి లెక్క అందరి ముందూ పెడదాం. ఏ జిల్లా, ఏ కులం, ఏ కాలేజీ అని ఎవర్నీ అడగొద్దు.

భోజనాల బల్ల దగ్గర ఒక పుస్తకం పెట్టాం. చందా వేయగలిగినవాళ్ళు, లెక్కలు చూడగలిగినవాళ్ళు వెళ్ళేముందు పేర్లు రాయండి. సెలవు.