భూమి అయస్కాంతమును ఆకాశమునుండి కొలుచుట
(గుడ్లవల్లేరు గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



గుడివాడనుండి గుడ్లవల్లేరు మీదుగా బందరు పోవు రైలుపట్టాల చెంత ఒక దిక్సూచిని ఉంచినచో దాని ముల్లు ఉత్తరమును విడిచి ప్రక్కకు తొలగును. దానినే చేలోనికి కొనిపోయినచో మరల తన చోటికి వచ్చును. పట్టా లాగినది ఎంత, భూమి లాగినది ఎంత అని వేరుపరచి చెప్పుట ముల్లునకు తెలియదు. పొలము కొలుచువాడు ఇనుప గొలుసును దూరముగా పెట్టి దిక్సూచిని చూచుట ఇందువలననే. ఈ చిన్న జాగ్రత్తయే భూ అయస్కాంత శాస్త్రమున కెల్ల మూలమనిన అతిశయోక్తి కాదు.

అయస్కాంతము ఇనుమును ఆకర్షించుట మన పూర్వులకు తెలియును. కాళిదాసు కుమారసంభవమున దానిని ఉపమానముగా వాడినాడు. భూమియే ఒక పెద్ద అయస్కాంతమని విలియం గిల్బర్టు అను ఆంగ్ల వైద్యుడు 1600లో ప్రకటించెను. ఆ బలము ముఖ్యముగా పుట్టుచోటు మన పాదముల క్రింద సుమారు 2,900 కిలోమీటర్ల లోతున ఆరంభమగు ద్రవరూపమైన ఇనుము. అది నిరంతరము కదలుచుండును గనుక అయస్కాంత ధ్రువమును ఒకచోట నిలువదు. 1831లో జేమ్సు క్లార్కు రాసు కెనడా ఉత్తరపు కొసను కనుగొన్న ధ్రువము నేడు సైబీరియా వైపునకు సాగుచున్నది. ఐదేండ్ల కొకసారి సవరించు ప్రపంచ అయస్కాంత నమూనాను, ఈ నడక వేగము వలన, 2019 ఫిబ్రవరిలో గడువునకు ముందే సవరింపవలసి వచ్చినది. ఓడకు, విమానమునకు, జేబులోని సెల్‌ఫోనునకు కూడ దిక్కు చెప్పునది ఆ నమూనాయే.

కొలుచువారి కష్టములు వినదగినవి. బొంబాయిలోని కొలాబా పరిశీలనాలయము 1859 సెప్టెంబరు 2న సూర్యుని వలన రేగిన మహా అయస్కాంత తుఫానును నమోదు చేసినది. నాడు క్షితిజ సమాంతర బలము సుమారు 1,600 నానోటెస్లాలు పడిపోయెను. భూమిమీద మొత్తము బలము ప్రదేశమును బట్టి 25,000 మొదలు 65,000 వరకు ఉండునని తెలిసినచో ఆ పతనము ఎంతటిదో బోధపడును. అట్టి ఖ్యాతి గల చోటును కూడ, నగరమున విద్యుత్ ట్రాములు రానున్నవని, విడువవలసి వచ్చినది. 1904లో పరిశీలనలు అలీబాగునకు తరలినవి. తెలుగునాట హైదరాబాదులో 1961లో వెలసిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1964లో అయస్కాంత పరిశీలనాలయమును నెలకొల్పెను. తరువాత నగరపు అలజడికి దూరముగా చౌటుప్పలులోను మరియొకటి ఏర్పడినది. ఊరు పెరిగిన కొలది కొలుచువాడు ఊరు విడుచుచున్నాడు.

అయినను నేలమీది పరిశీలనాలయము లెన్ని కట్టిన చాలును? భూమిలో మూడింట రెండు పాళ్లకు మించి సముద్రమే. సముద్రములపై ఎడతెగక తిరిగి చూచుటకు ఉపగ్రహము కావలసినది. 1958లో సోవియట్ దేశపు మూడవ స్పుత్నిక్ అయస్కాంత మాపకమును మోసికొనిపోయినది. 1979లో అమెరికా పంపిన మాగ్‌శాట్ బలమునే గాక దిశను కూడ సూక్ష్మముగా కొలిచినది. 1999లో డెన్మార్కు ఒర్‌స్టెడ్, 2000లో జర్మనీ చాంప్ ఆ మార్గమున నడచినవి.

ఇక్కడను రైలుపట్టా చిక్కే ఎదురైనది. ఉపగ్రహమే తీగెల మూట. విద్యుత్తు పారినచోటనెల్ల అయస్కాంతము పుట్టును. 2013 నవంబరు 22న ఐరోపా అంతరిక్ష సంస్థ పంపిన స్వార్మ్ ఉపగ్రహములకు నాలుగు మీటర్ల పొడవుగల చేయి కలదు. దాని కొసను బలమును కొలుచు యంత్రము, నడుమ దిశను కొలుచు యంత్రము ఉన్నవి. రెండవదానికి తోడుగా నక్షత్రములను చూచు కెమెరాలు ఉన్నవి. చుక్కలను బట్టి తాను ఎటు తిరిగియున్నదో తెలియనిచో ఉపగ్రహము చెప్పు దిశకు అర్థము లేదు. నడిసముద్రమున పడవవాని స్థితియు ఇంతియే గదా!

స్వార్మ్ ఉపగ్రహములు మూడు. రెండు ఆదిలో సుమారు 460 కిలోమీటర్ల ఎత్తున ప్రక్కప్రక్కగాను, మూడవది అంతకు పైగాను తిరిగినవి. మూడింటి కొలతల భేదమును బట్టి భూగర్భపు పాలు, పైశిలల పాలు, ఆకాశపు విద్యుత్ప్రవాహముల పాలు వేరుచేయుదురు. దివిసీమ వారికి ప్రీతి కలిగించు విషయ మొకటి: ఉప్పునీరు భూక్షేత్రమున కదలినపుడు విద్యుత్తు పుట్టును గనుక, సముద్రపు పోటుపాటుల జాడ కూడ ఆ లెక్కలలో దొరకినది. అది ఒకటి రెండు నానోటెస్లాల మాత్రమే!

ఉపగ్రహము వచ్చినది గదా అని చౌటుప్పలు గదికి తాళము వేయుట అవివేకము. ఉపగ్రహము సెకనుకు ఏడు కిలోమీటర్లకు పైగా పరుగెత్తును. బలము మారినట్లు కనబడినచో చోటు మారినందుననా, కాలము మారినందుననా అని అది ఒంటరిగా చెప్పలేదు. కదలక కూర్చుండి చూచు సాక్షి నేలమీద ఉండవలెను.

శ్రీహరికోటనుండి 2023 సెప్టెంబరు 2న బయలుదేరిన ఆదిత్య ఎల్‌1 ఈ పాఠమును చక్కగా నేర్చినది. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున, 2024 జనవరిలో, అది ఆరు మీటర్ల చేయి చాచినది. దానిపై మాపకములు రెండు: మూడు మీటర్ల వద్ద ఒకటి, కొసను ఒకటి. దగ్గరదానికి ఉపగ్రహపు సొంత అయస్కాంతము హెచ్చుగా తగులును. రెంటి భేదమును బట్టి ఆ దోషమును తీసివేయుదురు. మిగిలినది సూర్యునినుండి వచ్చు గాలిలోని అయస్కాంతము. ఆ గాలి అక్కడ తగిలిన పిదప రమారమి ఒక గంటకు భూమిని చేరును. అప్పుడు చౌటుప్పలు ముల్లు కదలును.