కెరటములనుండి వెలుగు తీసినవారు



కెరటమునకు బలమున్నదని బెస్తవానికి ఎవరును చెప్పనక్కరలేదు. ఆ బలమును పనికి పెట్టవచ్చునని 1799లో పారిస్ నగరమున గిరార్డ్ అను తండ్రీకొడుకులు పేటెంటు పొందిరి. లేచిపడు ఓడకు దూలమును తగిలించి పంపులను, రంపములను ఆడింపవలెనని వారి ఊహ.

ఆ శక్తిని దీపముగా వెలిగించిన ఘనత జపాను నౌకాదళమున పనిచేసిన యోషియో మసుదాకు చెందును. 1940 తరువాత ఆయన ప్రయోగములు సాగెను. ఓడలకు దారి చూపుటకై సముద్రమున లంగరువేసి తేలవిడిచిన పీపాలపై దీపములుండును. వాటికి బ్యాటరీలు మార్చుటకు పడవపై పోవుట ఎంత శ్రమ! మసుదా పీపా నడుమ నిలువు గొట్టమును అమర్చిరి. కెరటము లేచినపుడు గొట్టములోని నీరు పైకి వచ్చి గాలిని త్రోయును, దిగినపుడు పీల్చును. కమ్మరి కొలిమితిత్తి చేయు పనియే ఇది. ఆ గాలికి చిన్న చక్రము తిరిగి దీపము వెలుగును. 1965 నుండి ఇట్టి పీపాలు అమ్మకమునకు వచ్చెను.

గాలి వచ్చినను పోయినను ఒకే వైపునకు తిరుగు చక్రమును తరువాత బెల్‌ఫాస్టులో అలన్ వెల్స్ కల్పించిరి.

ఎడింబరో విశ్వవిద్యాలయపు స్టీఫెన్ సాల్టర్ గాథ వేరు. 1973లో చమురు కరవు వచ్చిన వేళ జ్వరముతో పడియున్న ఆయనను, మూలుగుట మాని ఇంధనపు చిక్కును విప్పుడని భార్య మందలించెనట. ఇల్లాలి మాట వృథా పోలేదు. కెరటమునకెదురుగా తల ఆడించు 'బాతు' యంత్రమును ఆయన కల్పించి, 1974లో 'నేచర్' పత్రికలో ప్రకటించిరి. ప్రయోగశాల తొట్టిలో అది కెరటపు శక్తిలో నూటికి 80 పాళ్లకు పైగా లాగికొనెను. ప్రభుత్వము ధనమిచ్చెను. కాని యూనిట్టు ఖర్చు హెచ్చని 1982లో ఆ పథకమును చాలవరకు నిలిపివేసిరి. ఆ లెక్కలే తప్పని సాల్టర్ ఏండ్ల తరబడి వాదించిరి. పూర్తి పరిమాణపు బాతు సముద్రమున దిగనేలేదు; 2024లో ఆయన మరణించిరి. లెక్కలు కట్టినవారి పేర్లు నేడెవరికి జ్ఞాపకమున్నవి?

మన దేశమున కేరళలోని విళింజం రేవు వద్ద 1991లో మద్రాసు ఐ.ఐ.టి. వారు 150 కిలోవాట్ల కేంద్రమును నెలకొల్పిరి. వానకాలమున కెరటములు ఉరికి వచ్చును, తక్కిన నెలలలో మందగించును. ఆ ఒడుదొడుకులకు తట్టుకొనుటే కష్టము. కొన్ని ఏండ్లు నడచి అది ఆగిపోయెను. స్పెయిను దేశపు ముత్రికు రేవు గోడలో మాత్రము 2011లో అట్టివే 16 చక్రములు అమర్చి ఊరికి విద్యుత్తు పంపిరి. గొట్టములో నీరు లేచి గాలిని త్రోయుట మసుదా నేర్పినది, ఆ గాలికి తిరుగు చక్రము వెల్స్ కల్పించినది.