ఉచిత గ్రంథానికీ సనద్ ఉండాలి

(కవాడిగూడలో జరిగిన ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





ఈ రోజు మనం మాట్లాడుకోబోయే విషయం పైకి చిన్నదిగా కనిపిస్తుంది. ఖర్చు లేకుండా ధార్మిక గ్రంథాలను ఎక్కడ పొందాలి, పుస్తకాలు చదువుకోవడానికే తయారైన ఈ-రీడర్‌ను ఇంట్లో ఎలా సద్వినియోగం చేసుకోవాలి అన్నదే ఆ విషయం. అయితే దీని వెనుక మూడు పెద్ద ప్రశ్నలున్నాయి. మన పిల్లలు ఏ భాషలో ధర్మాన్ని నేర్చుకుంటున్నారు? మన పూర్వికుల విజ్ఞానం ఎవరి చేతికి అందుతోంది? మన పన్నులతో నడిచే గ్రంథాలయాల్లో మన వాటా ఎంత?

కవాడిగూడ, భోలక్‌పూర్, ముషీరాబాద్ వీధుల్లోని మన ఇళ్లను ఒకసారి పరికించండి. చాలా ఇళ్లలో తాతగారు ఉర్దూ చదువుతారు, తల్లిదండ్రులు ఉర్దూ మాట్లాడతారు, పిల్లలు తెలుగు లేదా ఇంగ్లీషు మాధ్యమంలో చదువుతారు. జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల్లో తెలుగే ఇంటి భాష. అలమరలోని ఉర్దూ తఫ్సీరును మనవడు గౌరవంగా తుడిచి పెడతాడే తప్ప చదవలేడు. ఆ మనవడి ఫోనులోకి మాత్రం ప్రతి రోజూ పేరూ ఊరూ లేని పీడీఎఫ్‌లు వచ్చి పడుతున్నాయి. రచయిత ఎవరో తెలియదు, అనువాదకుడు ఎవరో తెలియదు, ఏ ముద్రణో తెలియదు. హదీసు అని రాసి ఉంటుంది, అది ఏ గ్రంథంలో ఎన్నో హదీసో ఉండదు.

హదీసు శాస్త్రాన్ని నిలబెట్టిన ఉలమా ఒక మాటను స్వీకరించే ముందు అది ఎవరి ద్వారా వచ్చిందని అడిగారు. ఆ వ్యక్తి ఎవరి దగ్గర విన్నాడని మళ్లీ అడిగారు. ఆ పరంపరకే సనద్ అని పేరు. అంత కఠినమైన పరీక్షను వారసత్వంగా పొందిన సమాజం నేడు ఎవరు పంపారో తెలియని ఫైలును మరో పదిమందికి పంపుతోంది. ఇది మన సంప్రదాయానికి తగిన పని కాదు. అందుకే మేము మనవి చేసేది ఒక్కటే: ఉచితంగా దొరికిన గ్రంథానికీ సనద్ అడుగుదాం. రచయిత, అనువాదకుడు, ప్రచురణకర్త, సంవత్సరం అనే నాలుగు వివరాలు లేని ఫైలును ఎవరికీ పంపవద్దు.

మన వారసత్వం

ఈ నగరానికి గ్రంథ సేవలో గొప్ప చరిత్ర ఉంది. 1888లో స్థాపించిన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ అరబీ రాతప్రతులను పరిష్కరించి ముద్రించింది. ఇమామ్ బైహఖీ సంకలనం 'అస్సునన్ అల్ కుబ్రా'ను 10 సంపుటాలుగా హైదరాబాద్‌లోనే అచ్చువేశారు. 1891లో ఆసఫియా గ్రంథాలయం ఏర్పడింది. అఫ్జల్‌గంజ్‌లోని నేటి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం అదే. తెలుగులోనూ ఈ కృషి కొత్తది కాదు. బహుభాషా పండితుడు చిలుకూరి నారాయణరావు గారు 1920లలోనే దివ్య ఖుర్ఆన్‌ను తెలుగులోకి అనువదించారు. ముస్లిమేతరుడైన ఒక తెలుగు పండితుడు అంత శ్రమకు పూనుకున్నాడన్న సంగతి మన పిల్లలకు తెలియాలి. ఈ సంపదలో కొంత భాగం నేడు రుసుము లేకుండా మన చేతికి అందే స్థితిలో ఉంది.

ఎక్కడ వెదకాలి?

దివ్య ఖుర్ఆన్ తెలుగు భావానువాదం కోసం ఖురాన్ ఎన్‌సీ డాట్ కామ్‌ను చూడవచ్చు. అక్కడ మౌలానా అబ్దుర్రహీం బిన్ ముహమ్మద్ గారి అనువాదం ఆయన పేరుతోనే ఉంది. ఖురాన్ డాట్ కామ్‌లో అరబీ మూలం పక్కనే తెలుగును పెట్టుకుని చదవవచ్చు. మన పెద్దలకు అలవాటైన హిందుస్తానీ లిపి శైలిని అక్కడ ఎంచుకునే వీలుంది. హదీసుల కోసం సున్నా డాట్ కామ్ ఉపయోగపడుతుంది. అరబీ మూలం, ఇంగ్లీషు అనువాదం, గ్రంథం పేరు, హదీసు సంఖ్య అక్కడ కలిసి కనిపిస్తాయి. వాట్సాప్‌లో వచ్చిన హదీసును సరిచూసుకోవడానికి ఇదే మొదటి మెట్టు. ఇస్లాం హౌస్ డాట్ కామ్‌లో తెలుగు పుస్తకాలకు ప్రత్యేక విభాగం ఉంది.

పాత ముద్రణల కోసం ఇంటర్నెట్ ఆర్కైవ్‌ను చూడాలి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద స్కాన్ చేసిన ఉర్దూ, తెలుగు, అరబీ పుస్తకాలు అక్కడ పెద్ద సంఖ్యలో ఉన్నాయి. పేరుతో వెదికితే దొరకని పుస్తకం అక్షరక్రమం మారిస్తే దొరుకుతుంది. ఖురాన్, ఖుర్ఆన్, కొరాను అని మూడు విధాలుగా వెదకండి. ఉర్దూ పుస్తకాలకు రేఖ్తా పెద్ద నిధి, కానీ వాటిని ఆ వేదిక మీదే చదువుకోవాలి. ముస్లింల చరిత్ర పట్ల ఆసక్తి ఉన్నవారు సయ్యద్ నశీర్ అహమ్మద్ గారి పుస్తకాలను తప్పక చూడాలి. స్వాతంత్ర్యోద్యమంలో ముస్లింల పాత్రపై రాసిన ఆయన తన గ్రంథాలను పీడీఎఫ్ రూపంలో ఉచితంగా అందించారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఉచితంగా కనిపించిన ప్రతి ఫైలూ న్యాయంగా ఉచితం కాదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత జీవితకాలం, ఆ తరువాత మరో 60 ఏళ్లు హక్కు ఉంటుంది. మూలం ఎంత ప్రాచీనమైనదైనా నేటి అనువాదకుడి శ్రమ మీద హక్కు ఆయనదే. మన తెలుగు ధార్మిక ప్రచురణ సంస్థలు చిన్నవి. అవి అమ్ముకునే పుస్తకాన్ని స్కాన్ చేసి పంచితే రేపటి పుస్తకం అచ్చు కాదు.

యంత్రం ఎంపిక, వాడకం

ఈ-రీడర్ తెర కాగితంలా ఉంటుంది. వెలుగు కళ్లలోకి నేరుగా కొట్టదు, ఒకసారి ఛార్జి చేస్తే రోజుల తరబడి నడుస్తుంది, చదువు మధ్యలో సందేశాల మోత ఉండదు. అక్షరాన్ని పెద్దది చేసుకోవచ్చు గనుక చూపు మందగించిన నానమ్మకూ, అమ్మమ్మకూ ఇది ఎంతో మేలు.

అయితే కొనే ముందు తెలుగు పరీక్ష తప్పనిసరి. 'స్త్రీ', 'రాష్ట్రం' వంటి మాటలున్న పుటను తెరిచి చూడండి. ఒత్తులు విడిపోయి పక్కన పడుతుంటే ఆ యంత్రం మనకు పనికిరాదు. అమెజాన్ సంస్థ 2016 డిసెంబరులో కిండిల్ దుకాణంలో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళ భాషలకు చోటిచ్చినప్పుడు తెలుగు ఆ జాబితాలో లేదు. కోట్లమంది మాట్లాడే భాషకే ఆ స్థితి ఎదురైతే, ఆ భాషలో మైనారిటీ పాఠకుల అవసరాన్ని మనమే చూసుకోవాలి.

ఈపబ్ రూపంలో ఉన్న పుస్తకంలో అక్షరం పెంచితే వాక్యాలు తెరకు తగ్గట్టు సర్దుకుంటాయి. స్కాన్ చేసిన పీడీఎఫ్ ఒక బొమ్మ వంటిది, అక్షరాలు సర్దుకోవు. ఆరు అంగుళాల తెర మీద దాన్ని చదవాలంటే అంచులు కత్తిరించి, యంత్రాన్ని అడ్డంగా తిప్పుకోవాలి. పాత ఉర్దూ గ్రంథాలు ఎక్కువగా చదివేవారు పెద్ద తెరనే ఎంచుకోవడం మంచిది. పుస్తకాలను వర్గీకరించడానికి, ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చడానికి క్యాలిబర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దాన్ని 2006లో ప్రారంభించినవారు భారతీయుడైన కోవిద్ గోయల్. ఫైలు పేరులోనే రచయిత, అనువాదకుడు, సంవత్సరం రాసి పెట్టుకుంటే సనద్ అక్కడే నిలుస్తుంది. ప్రతి ఫైలుకు ఇంట్లో మరో ప్రతి ఉంచండి. 2009లో అమెజాన్ పాఠకులు కొన్న పుస్తకాలనే వారి కిండిళ్ల నుంచి దూరం నుంచే తొలగించిన ఉదంతం ఉంది.

దివ్య ఖుర్ఆన్ అరబీ మూలం విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఫాంటు సరిగా లేకపోతే జేర్, జబర్ చిహ్నాలు చోటు మారి అర్థమే మారిపోతుంది. కాబట్టి మూలాన్ని ముద్రిత ముస్‌హఫ్ పుటల చిత్రాల రూపంలోనే పెట్టుకోండి, తెలుగు భావాన్ని విడిగా ఈపబ్‌లో చదవండి. యంత్రాన్ని తాకే మర్యాదల గురించి మీ ఇమామ్ గారిని అడిగి తెలుసుకోండి.

ఇది హక్కు కూడా

రాజ్యాంగం 29వ అధికరణం తమదైన భాష, లిపి, సంస్కృతి ఉన్న పౌరులకు వాటిని కాపాడుకునే హక్కునిచ్చింది. తెలంగాణలో 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా ప్రకటించారు. మనం కట్టే ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సూ కడుతున్నాం. మన పక్కనే చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం ఉంది. ఉద్యోగ పరీక్షలకు చదివే యువకులతో అది నిత్యం కిటకిటలాడుతుంది. ఆ యువకుల్లో మన పిల్లలూ ఉన్నారు. అక్కడ ఉర్దూ పుస్తకాల కొనుగోలుకు ఎంత ఖర్చు చేశారని సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వడం అధికారుల బాధ్యత. పాత ఉర్దూ, తెలుగు ధార్మిక గ్రంథాలను డిజిటల్ రూపంలోకి తేవాలని వినతిపత్రం ఇవ్వవచ్చు. చూపులేని సోదరులకు పుస్తకాలు అందుబాటు రూపంలో చేరాలన్న మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ధ్రువీకరించిన దేశం మనది. 2016లో ప్రారంభమైన సుగమ్య పుస్తకాలయం ఆ దిశగా పనిచేస్తోంది. మన ధార్మిక గ్రంథాలు అందులో చేరాలని అడిగే బాధ్యత మనదే.

చివరగా మూడు పనులు చేద్దాం. ప్రతి మస్జిద్ పరిధిలో ఒక ఆలిం, ఒక ఉపాధ్యాయుడు, కంప్యూటర్ తెలిసిన ఒక విద్యార్థిని కలిసి సరిచూసిన పుస్తకాల జాబితా తయారు చేయాలి. స్తోమత ఉన్నవారు కలిసి ఒక ఈ-రీడర్ కొని, ఇంటింటికీ వారం చొప్పున ఎరువు ఇవ్వాలి. తాతగారి అలమరలోని అరుదైన పుస్తకం పాత కాగితాల బేరగాడి తక్కెడకు చేరకముందే, చట్టం అనుమతించిన మేరకు, దాన్ని స్కాన్ చేయించాలి. ఎండకూ చెదకూ నశించే కాగితం మన కోసం వేచి ఉండదు.

అల్లాహ్ మన ఈ చిన్న ప్రయత్నాన్ని స్వీకరించుగాక. ఆమీన్. వస్సలాం.