ఆపరేషన్‌కు ముందు అడగాల్సినవి



ఇవాళ నర్సింగ్ పట్టాలు అందుకుంటున్న పిల్లలూ, మీతో ఒకే పని గురించి మాట్లాడతాను. పొద్దున వచ్చి, ఆపరేషన్ చేయించుకుని, సాయంత్రానికి ఇల్లు చేరే రోగిని ముందుగా పరీక్షించే పని. కంటి శుక్లం, హెర్నియా, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చాలావరకు ఇలా జరిగేవే. 1909లోనే గ్లాస్గో సర్జన్ జేమ్స్ నికోల్ దాదాపు 9 వేల మంది పిల్లలకు ఇలా ఆపరేషన్లు చేసినట్టు ప్రకటించారు. ఆ తర్వాత ఇళ్లకు వెళ్లి పిల్లల్ని చూసుకున్నది నర్సులే.

జగిత్యాలకు 2022లో, సిరిసిల్లకు 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఆపరేషన్ మన ఊళ్ల దగ్గరికే వచ్చింది, మంచిదే. కానీ వార్డులో ఉండే రోగి సంగతి పొద్దున మరిచిపోయినా రాత్రి గుర్తొస్తే సర్దుకోవచ్చు. సాయంత్రానికే ఇల్లు చేరే రోగి విషయంలో ఆ రాత్రి మన చేతిలో ఉండదు. అందుకే ముందు అడిగే మాటకు అంత విలువ.

“పరగడుపున వచ్చినవా?” అంటే అందరూ ఆఁ అంటారు. “పొద్దున లేచినంక ఏం తాగినవ్ అవ్వా?” అని అడిగి చూడండి. “ఏం తాగలే బిడ్డా, జరంత చాయ్” అంటుంది. పాలు పోసిన చాయ్ మనకు తిండి కిందే లెక్క. తిండికి 6 గంటలు, మంచినీళ్లకు 2 గంటల ఎడం ఉండాలి. మత్తులో ఉండగా కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. అలాగని ఎండాకాలంలో ముసలమ్మను రాత్రి నుంచి గుక్కెడు నీళ్లు కూడా ముట్టొద్దని గొంతెండబెట్టడం తప్పు. షుగర్ గోలీ ఆ పొద్దున ఆపాలా, బీపీ గోలీ వేసుకోవాలా అన్నది డాక్టరుతో మాట్లాడి ముందే చెప్పండి. రెండూ తెల్లగోలీలే అంటారు కాబట్టి గోలీల షీట్లే తెమ్మనండి.

సిరిసిల్లలో మరమగ్గం నడిపే మనిషిని దగ్గుందా అంటే లేదంటాడు. ఏళ్ల తరబడి ఉన్న దగ్గు ఆయనకు దగ్గులా అనిపించదు. “మెట్లెక్కితే దమ్మొస్తదా?” అనండి. బీడీలు చుట్టే అక్క పొగ తాగనంటుంది, అది నిజమే. పొద్దంతా పొగాకు దుమ్ము పీల్చేదీ ఆమే. ఏం పని చేస్తావని అడగకపోతే అది కాగితం మీదికి రాదు.

అన్నిటికన్నా కష్టమైంది కల్లు సంగతి. మన దగ్గర కల్తీ కల్లులో ఆల్‌ప్రజోలం, డయాజిపామ్ కలుపుతున్నారని మీకు తెలుసు. అలవాటు పడ్డ మనిషి ఒక్కసారిగా మానేస్తే చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది, ఫిట్స్ రావచ్చు. పరగడుపుతో రమ్మని మనమే ఆ రోజు మాన్పిస్తున్నాం. మత్తు డాక్టరుకు ఇది ముందే తెలియాలి. అయితే అత్త పక్కన కూర్చుని ఉంటే ఏ కోడలూ కల్లు తాగుతానని చెప్పదు. పరదా లాగండి, అత్తను బయట కూర్చోబెట్టండి, “రోజూ ఎన్ని సీసాలు?” అని మామూలు గొంతుతో అడగండి. ముఖం చిట్లించారంటే ఇక నిజం రాదు.

చివరిగా అడగాల్సింది: రాత్రికి ఇంట్లో ఎవరుంటారు? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఎందరి భర్తలు దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉన్నారో మీకు చెప్పక్కర్లేదు. మత్తు తీసుకున్న మనిషి పక్కన 24 గంటలు పెద్దవాళ్లు ఒకరుండాలి. చిన్నపిల్లలు తప్ప ఎవరూ లేరంటే, ఆ రాత్రి ఆస్పత్రిలోనే ఉంచుకోవాలని రాసేది మీరే.

బ్రిటన్‌లో ఈ ముందస్తు పరీక్ష క్లినిక్‌లు చాలాచోట్ల నర్సులే నడుపుతారు. మీలో కొందరు అక్కడికీ వెళ్తారు. ఇక్కడ ఉండేవారి కోసం ఆస్పత్రుల పెద్దలను కోరుతున్నాను: వీళ్లకో గది, ఒక పరదా, ఆపరేషన్‌కు వారం ముందే రోగిని చూసే వీలు ఇవ్వండి. “ఇవాళ వద్దు” అని నర్సు రాస్తే, ఆమెతో మాట్లాడకుండా ఆ కాగితం పక్కన పెట్టకండి.

పిల్లలూ, మీరు వెనక్కి పంపిన రోగి ఆ రోజు కూలీ పోగొట్టుకుని వచ్చిన మనిషి. కుర్చీలోంచి లేవకముందే, ఎందుకు ఆపామో ఆ మనిషికి అర్థమయ్యేలా చెప్పి, మళ్లీ రావాల్సిన తారీఖు చీటీ మీద రాసి చేతికివ్వండి.