డిప్రెషన్‌కు కెటమిన్ వైద్యం: ఇన్సూరెన్స్ డబ్బులు వస్తాయా?

 

మొన్న చర్ల వైపు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, మా అక్కకు రెండేళ్ల నుంచి డిప్రెషన్. మందులు మార్చి చూశారు, తగ్గలేదు. హైదరాబాద్‌లో డాక్టర్ గారు కెటమిన్ పెట్టి చూద్దాం అన్నారు. బావకు కంపెనీ ఇన్సూరెన్స్ ఉంది. అది వర్తిస్తుందా? లేకపోతే ఈ ఏటి మిర్చి డబ్బులు మొత్తం అటే పోతాయి" అన్నాడు.

ఇది ఆ ఒక్క ఇంటి ప్రశ్న కాదు. సారపాకలో పేపర్ మిల్లు, మణుగూరులో బొగ్గు గనులు, భారజల కర్మాగారం, కొత్తగూడెంలో సింగరేణి. మన భద్రాచలం చుట్టుపక్కల ఉద్యోగం మీద వైద్య సౌకర్యం ఉన్న ఇళ్లు చాలానే ఉన్నాయి. కార్డు ఉంది కదా అని ధైర్యంగా పోయి, బిల్లు దగ్గర ఆగిపోకూడదు. అందుకే ఈ రోజు ఈ మాట.

ముందు కెటమిన్ అంటే ఏంటో చూద్దాం. ఇది ఆపరేషన్‌కు ఇచ్చే పాత మత్తుమందు. అమెరికాలో 1970లోనే అనుమతి వచ్చింది. మత్తుకు ఇచ్చే మోతాదు కన్నా బాగా తక్కువగా, సెలైన్‌లో సుమారు 40 నిమిషాల పాటు ఎక్కిస్తే, కొందరికి డిప్రెషన్ గంటల్లోనే తేలికపడుతుంది. మామూలు మాత్రలకు వారాలు పడుతుంది కదా, అదీ తేడా. కానీ ఆ ఫలితం కొద్ది రోజులే నిలుస్తుంది. అందుకే వారానికి రెండుసార్ల చొప్పున కొన్ని వారాలు పెడతారు. పెట్టేటప్పుడు బీపీ పెరగవచ్చు, మనిషికి తాను తనలో లేనట్టు అనిపించవచ్చు. కాబట్టి దగ్గరుండి చూడాలి. ఆ రోజు బండి నడపకూడదు. మన దేశంలో ఈ మందు షెడ్యూల్ ఎక్స్‌లో ఉంది. చీటీ లేకుండా అమ్మకూడదు.

ఇక చట్టం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. అందులో 21వ సెక్షన్ ఏమంటుందంటే, ఒంటి జబ్బుకు ఎలా బీమా ఇస్తారో, మనసు జబ్బుకూ అలాగే ఇవ్వాలి. బీమా కంపెనీల మీద పైనున్న ఐఆర్‌డీఏఐ 2018 ఆగస్టులో ఇదే మాట సర్క్యులర్‌గా పంపింది. 2022 అక్టోబర్ 31 లోపు అన్ని పాలసీలూ మార్చుకోవాలని గడువు కూడా పెట్టింది. మానసిక జబ్బుకు మా పాలసీలో చోటు లేదని క్లెయిమ్ తిప్పికొట్టిన ఒక కంపెనీని, 2021లో ఢిల్లీ హైకోర్టు ఈ చట్టం చూపించే డబ్బు కట్టమంది.

మరి ఇంకేం, వస్తాయి కదా అంటారా? ఆగండి. జబ్బు పేరు చెప్పి కాదనలేరు, సరే. కానీ వైద్యం తీరు చూపించి కాదనవచ్చు. చిక్కంతా అక్కడే ఉంది.

మొదటిది, 24 గంటలు ఆసుపత్రిలో ఉండాలన్న నియమం. కెటమిన్‌కు రెండు మూడు గంటలు చాలు. "డే కేర్ కింద ఇవ్వండి" అంటే, ఆ నిర్వచనం వేరు. మత్తు ఇచ్చి చేసే చికిత్స అయ్యుండాలి, పూర్వమైతే 24 గంటలు పడుకోబెట్టాల్సి వచ్చేదై ఉండాలి. ఇక్కడ ఇచ్చేది మత్తు మోతాదే కాదు. దాంతో ఓపీ కింద లెక్కేస్తారు. చాలా పాలసీల్లో ఓపీ ఖర్చు రాదు.

రెండోది, మన దేశంలో కెటమిన్‌కు అనుమతి మత్తుమందుగా. డిప్రెషన్‌కు డాక్టరు తన విచక్షణతో వాడతారు. దాన్ని ఆఫ్ లేబుల్ అంటారు. పాలసీలో "నిరూపణ కాని చికిత్సలకు చెల్లించం" అనే లైను చూపించడానికి అది సందు ఇస్తుంది.

ఇక్కడ మన బాధ చూడండి. మంచం అవసరం లేదు కాబట్టి బీమా లేదంటారు. కానీ చర్ల మనిషి పొద్దున పోయి సాయంత్రం ఇంటికి రాగలడా? వారానికి రెండుసార్లు హైదరాబాద్ అంటే అక్కడే గది తీసుకోవాలి. తోడు ఒకరు ఉండాలి, ఆ తోడు మనిషి కూలి పోతుంది. హైదరాబాద్‌లో ఇల్లున్నవాళ్లకు ఇది మూడు గంటల పని. మనకు నెల రోజుల కాపురం. ఆ ఖర్చు ఏ కాలమ్‌లోనూ రాదు.

అందుకని ఆ తమ్ముడికి చెప్పిందే మీకూ చెబుతున్నాను.

ఒకటి, డాక్టర్ గారిని నిదానంగా అడగండి. ఇప్పటిదాకా వాడిన మందులు సరైన మోతాదులో, సరిపడా వారాలు వాడామా? కరెంట్ వైద్యం, అంటే ఈసీటీ, అక్కకు పనికొస్తుందా? సినిమాల్లో చూపించినట్టు కాదు, మత్తు ఇవ్వకుండా చేయడాన్ని చట్టమే నిషేధించింది. మత్తు ఇచ్చి చేసేది కాబట్టి బీమాలో దారి దొరికే అవకాశం ఎక్కువ.

రెండు, మొదటి డోసుకు ముందే కంపెనీకి ఈమెయిల్ పెట్టండి. జబ్బు పేరు, చికిత్స పేరు, ఎన్నిసార్లు, ఎంత ఖర్చు, అన్నీ రాసి జవాబు రాతలో తీసుకోండి. ఫోన్‌లో "వస్తుందండీ" అన్న మాట పనికిరాదు.

మూడు, కాదంటే కారణం కూడా రాతలోనే అడగండి. కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాయండి. నెలలో తేలకపోతే హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసు ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఏడాది లోపు వెళ్లాలి.

నాలుగు, ఆరోగ్యశ్రీ ఉన్నవాళ్లు ఏ ప్యాకేజీ వర్తిస్తుందో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడగండి.

ఇంకో మాట. విదేశాల్లో పుట్టగొడుగులతో డిప్రెషన్ తగ్గిస్తున్నారని వీడియోలు వస్తున్నాయి. ఆస్ట్రేలియాలో 2023 జులై నుంచి అనుమతి పొందిన సైకియాట్రిస్టులే సైలోసైబిన్ రాస్తున్నారు, నిజమే. మన దగ్గర అది 1985 ఎన్‌డీపీఎస్ చట్టం కింద నేరం. బీమా మాటే లేదు. వాన పడగానే అడవిలో పుట్టగొడుగులు ఏరుకునే వాళ్లం మనం. తెలియనిది తింటే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పాలా?

చివరగా, బీమా జవాబు వచ్చేదాకా అక్కను ఒంటరిగా వదలకండి. వాడే మందులు ఆపకండి. ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటే ఈ రోజే వేరేచోట పెట్టి తాళం వేయండి. చనిపోవాలని ఉందని మాట వస్తే ఇన్సూరెన్స్ సంగతి తర్వాత, ముందు దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లండి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు పగలైనా రాత్రైనా మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

మీ పాలసీలో ఓపీ గురించి, డే కేర్ గురించి ఏం రాసుందో ఈ రాత్రికి ఒకసారి తీసి చూడండి. అవసరం పడ్డాక వెతికేకన్నా అదే మేలు.